స్కోరు చెప్పకుండా ఆట చెప్పడమెలా?

మైకు ముందు ఇద్దరెందుకు, ఒకరు చాలరా అని కొందరు అడుగుతారు. ఒక్కడే మాట్లాడితే తప్పు తప్పుగానే వినపడుతుంది. ఇద్దరు కలిసి మాట్లాడితే ఆ తప్పే చర్చ అవుతుంది. ఈ రహస్యం తెలిసిన జంటలు మన తిరుపతి, చిత్తూరు వైపు బాగానే ఉన్నాయి. సంక్రాంతి టోర్నమెంటులో షామియానా కింద కూర్చుని మైకు సెట్టు వాడి ప్రాణం తీసేవాళ్ళు, ఫోనును కర్రకు కట్టి యూట్యూబులో లైవ్ పెట్టేవాళ్ళు, ఎఫ్ఎంలో పాటకూ పాటకూ మధ్య ధోనీ మోకాలి గురించి బెంగపడేవాళ్ళు, అందరూ మనవాళ్ళే. ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న జంటల కోసం నా అనుభవసారం ఇక్కడ రాస్తున్నాను. నా సలహాలు పాటించినవాళ్ళను ఏ కమిటీ వాళ్ళూ రెండోసారి పిలవలేదు. ఒక్కసారికే పని అంత సంపూర్ణంగా చేశారన్నమాట.

అమెరికా వాళ్ళు దీన్ని పెద్ద పరిశ్రమ చేసుకున్నారు. న్యూయార్కులో డబ్ల్యూఎఫ్ఏఎన్ అనే రేడియో 1987 జూలై 1న మొదలైంది. రాత్రీ పగలూ ఆటల కబుర్లే. అందులో మైక్ ఫ్రాన్సెసా, క్రిస్ రూసో అనే ఇద్దరు 1989 నుంచి 2008 దాకా మధ్యాహ్నం పూట కూర్చుని వాదించుకున్నారు. రూసో కేకలకు మెచ్చి ఆయనకు మ్యాడ్ డాగ్, అంటే పిచ్చికుక్క, అని పేరు పెడితే, ఆ పేరునే కార్యక్రమానికి తగిలించుకున్నారు. మన ఊళ్ళో ఆ బిరుదు ఇస్తే ముందు పంచాయితీ అవుతుంది, తర్వాత కార్యక్రమం.

మనకు అంత సౌకర్యం లేదు గానీ చట్టం మరీ దయలేనిదేమీ కాదు. ప్రైవేటు ఎఫ్ఎం రేడియోలు సొంతంగా వార్తలు తయారుచేసి చెప్పకూడదు. అయితే 2011లో వచ్చిన మూడో దశ నిబంధనల్లో ఒక కిటికీ తెరిచారు. ఆటల సమాచారం వార్తల కిందికి రాదన్నారు. పెద్ద మ్యాచులను ప్రత్యక్షంగా ప్రసారం చెయ్యకూడదు గానీ, స్థానిక పోటీలకు లైవ్ కామెంటరీ చెప్పుకోవచ్చన్నారు. అంటే వాంఖెడేలో జరిగేది మనం చెప్పకూడదు. చిత్తూరు మెసానికల్ గ్రౌండులో జరిగేది, తిరుపతి నెహ్రూ మునిసిపల్ స్కూలు గ్రౌండులో జరిగేది నిక్షేపంగా చెప్పొచ్చు. ఢిల్లీలో ఎవరో పుణ్యాత్ముడు మన గ్రౌండు కోసమే ఆ వాక్యం రాసినట్టుంది. ఆ కిటికీ దగ్గరికి మీరు పోకండి. స్థానిక మ్యాచి చెప్పాలంటే గ్రౌండుకు పోవాలి. ఎండ ఉంటుంది. వాంఖెడే గురించి మాట్లాడాలంటే స్టూడియోలో ఏసీ కింద కూర్చుంటే చాలు. ఆడిన పదకొండు మంది పేర్లూ టీవీలో తప్పుల్లేకుండా పడతాయి.

జతగాడు

జతగాణ్ణి ఎంచుకునేటప్పుడు అచ్చం మీలాంటివాణ్ణే వెతుక్కోండి. మీరు బ్యాటింగు గురించి మాట్లాడితే వాడూ బ్యాటింగు గురించే మాట్లాడాలి. మీరు కోహ్లీ అంటే వాడు కింగ్ కోహ్లీ అనాలి. ఒకప్పుడు లీగులో బౌలింగు వేసినవాడు, అంపైరుగా నిలబడినవాడు, స్కోరు పుస్తకం రాసినవాడు పక్క కుర్చీలో కూర్చుంటే చాలా ప్రమాదం. మీకు తెలియనిది వాడికి తెలిసి ఉంటుంది. వాడు దాన్ని మర్యాదగా చెప్పేస్తాడు కూడా. అన్నిటికన్నా బామ్మర్ది శ్రేష్ఠం. ఇంట్లో తేలని మాటలన్నీ మైకులో తేల్చుకోవచ్చు. కమిటీ వాళ్ళిచ్చే డబ్బులు ఏ జేబులోకి పోయినా ఒకే ఇంటికి చేరతాయి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇదీ వినండి. దేశానికి ముఖ్యమైన మ్యాచుల ప్రసారాన్ని హక్కులున్న కంపెనీలు ప్రసార భారతికి కూడా ఇవ్వాలని 2007లో చట్టం చేశారు. దాని మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో హక్కుదారుకు టీవీ అయితే కనీసం నూటికి 75, రేడియో అయితే కనీసం 50 రావాలన్నారు. రేడియో అనేసరికి పార్లమెంటుకే సగం సగం న్యాయమనిపించింది. మీరు అంత దూరం పోనక్కర్లేదు. మైకు ఎవరి చేతిలో ఉంటే కవరు వాడిదే.

ఇక ఇద్దరి మధ్య మాట పంచుకోవడం. పాత బుర్రకథ చూసినవాళ్ళకు తెలుసు. నడిమధ్య కథకుడు, అటొకరు ఇటొకరు వంతలు. ఒక వంత హాస్యానికి, ఇంకొకటి రాజకీయానికి. కథకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో వంతలకు తెలుసు, ఆ సందులోనే గుమ్మెట పలుకుతుంది. కథకుడు మరీ ఆకాశంలోకి పోతే హాస్యం వంత కింది నుంచి ఒక్క మాటతో లాగేస్తాడు. జనం తరఫున ప్రశ్న అడిగేది వాడే. ఆట చెప్పే జంటకు ఇంతకు మించిన పాఠం ఎక్కడా దొరకదు. అందుకే దాని జోలికి పోవద్దంటున్నాను. వంతకు పేరు రాదు, పోస్టరు మీద ఫోటో రాదు. మీరిద్దరూ కథకులుగానే ఉండండి. ఒకే బంతిని ఇద్దరూ ఒకేసారి వర్ణించండి. వినేవాళ్ళకు రెండు బంతులు పడినట్టు ఉంటుంది, లాభమే కదా.

మీకింకా ధైర్యం చాలకపోతే ఏఎఫ్ఎస్ తలియార్ఖాన్‌ను తలుచుకోండి. మన దేశంలో క్రికెట్‌కు రేడియో కామెంటరీ అనేది ఆయనతోనే పెరిగింది. 1934లో బొంబాయి చతుర్ముఖ పోటీల్లో మైకు పట్టాడు. రోజంతా ఒక్కడే చెప్పేవాడు. 1948-49లో వెస్టిండీస్ జట్టు వచ్చినప్పుడు ఆకాశవాణి వాళ్ళు ముగ్గురితో చెప్పిద్దామనుకున్నారు. ఇంకొకరితో మైకు పంచుకునేది లేదని ఆయన లేచిపోయాడు. ఆ గొంతు మనకు లేదు. ఆట మీద ఆ పట్టూ లేదు. లేచిపోయే కోపం మాత్రం ఉంది కాబట్టి మూడింట ఒక వంతు తలియార్ఖాన్ మనలో ఉన్నట్టే.

స్కోరు

అసలు చిట్కా ఇది. దీన్ని ఒంటబట్టించుకుంటే మిగతావి చదవకపోయినా ఫరవాలేదు.

స్కోరు చెప్పకండి.

పీలేరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మనిషి చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుంటాడు. వాడికి కావాల్సింది మూడే మూడు ముక్కలు: ఎన్ని కొట్టారు, ఎన్ని పడ్డాయి, ఎన్ని ఓవర్లున్నాయి. ఆ మూడూ చెప్పేస్తే వాడు తృప్తిగా కళ్ళు మూసుకుంటాడు. అలా కానివ్వొద్దు. భాకరాపేట ఘాటు దాటేదాకా వాణ్ణి కూర్చోబెట్టాలి. మీరు పిచ్ గురించి చెప్పండి, మబ్బుల గురించి చెప్పండి, నిన్న రాత్రి జతగాడు ఏం తిన్నాడో చెప్పండి. వికెట్టు పడితే 'అయ్యయ్యో' అనండి. ఎవరిదో, ఎలాగో తర్వాత చూసుకుందాం. ఘాటులో ఎలాగూ సిగ్నలు పోతుంది, ఆ పాపం మీది కాదు.

అమెరికాలో రెడ్ బార్బర్ అని బేస్‌బాల్ కామెంటేటరు ఉండేవాడు. మూడు నిమిషాల ఇసుక గడియారం బల్ల మీద పెట్టుకునేవాడు. ఇసుక కిందికి జారిపోగానే స్కోరు చెప్పి, గడియారం తిప్పి పెట్టేవాడు. అప్పుడే రేడియో పెట్టినవాడు కూడా మూడు నిమిషాలకు మించి ఎదురుచూడనక్కర్లేదన్నది ఆయన లెక్క. గుడ్డు ఉడకబెట్టుకునే వస్తువును ఆటకు వాడిన మనిషి. మన బల్ల మీద దానికి చోటు లేదు. అక్కడ దాతల జాబితా ఉంటుంది.

దాతల జాబితా అంటే ఏమనుకున్నారు? మన టోర్నమెంటుకు ప్రాణం అదే. షామియానా వేయించినవారు ఒకరు, కప్పు ఇచ్చినవారు ఒకరు, నీళ్ళ క్యాన్లు పంపినవారు ఒకరు. మధ్యలో ఎవరో పెద్దాయన గ్రౌండులోకి వచ్చి, ఈ ఓవర్లో సిక్స్ కొడితే ఐదువందలని చీటీ పంపుతాడు. వెంటనే ఒకరు చీటీ చదవాలి, ఇంకొకరు పెద్దాయన గుణగణాలు ఎత్తుకోవాలి. ఆయన తండ్రిగారి పేరు, ఆయన గతంలో పోటీ చేసిన వార్డు, పోటీ చెయ్యబోయే వార్డు. ఈలోగా సిక్స్ కొట్టేశాడనుకోండి, బ్యాటు పట్టినవాడి పేరు మీకు గుర్తుండదు. 'స్ట్రైకింగులో ఉన్న ఆటగాడు' అంటే సరిపోతుంది. వాళ్ళమ్మ ఇంటి దగ్గర యూట్యూబులో చూస్తూ ఉంటే ఆమెకు ఎలాగూ పేరు తెలుసు.

అంకెకు ఎంత బలముందో తెలియక కాదు ఈ మాట చెబుతున్నది. 1983 జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద కపిల్ దేవ్ 175 నాటౌట్ కొట్టాడు. ఆ మ్యాచికి వీడియో లేదు. ఆ ఇన్నింగ్సును ఎవరూ మళ్ళీ చూడలేరు. అయినా 17 పరుగులకు 5 వికెట్లన్న ఒక్క ముక్కతో నాలుగు దశాబ్దాలుగా టీకొట్ల దగ్గర ఆ మ్యాచి మళ్ళీ మళ్ళీ ఆడుతున్నారు. బొమ్మ లేకుండా అంకె ఒక్కటే అంత పని చేస్తే ఇక మన గొంతుల విలువేమిటి? కాబట్టి దాచండి.

తిరుమల కొండ మీద తప్పిపోయినవాళ్ళ కోసం మైకులో ప్రకటనలు విన్నారు కదా. ఫలానా ఊరు, ఫలానా పేరు, మీవాళ్ళు ఫలానా చోట ఎదురుచూస్తున్నారు. తెలుగులో చెప్పి, తమిళంలో చెప్పి, కన్నడంలో, హిందీలో చెబుతారు. అరవరు, నవ్వరు, తమ పేరు చెప్పుకోరు. అంత జనంలో ఆ మాట ఎవరికి అందాలో వాళ్ళకు అందుతుంది. ఈ జిల్లాల్లో మైకు పని తెలిసినవాళ్ళంటే వాళ్ళే. మీరు వాళ్ళను చూసి నేర్చుకుంటే మాత్రం మీ మూడు గంటల కార్యక్రమం పది నిమిషాల్లో అయిపోతుంది, జాగ్రత్త.

నోటి మాట

మైకు చేతికి రాగానే మీ ఊరి మాటను గేటు బయట వదిలెయ్యండి.

గట్టు మీద కూర్చున్న ఆసామి ఒకడు పక్కవాడికి ఇలా చెబుతాడు: 'ఎగేసి కొట్నాడప్పా, వాటర్ ట్యాంకు తావ పడింది, ఫీల్డరు రోంత ముందుకొచ్చి నిలబడిండాడు, లేకుంటే చేతిలోకే వచ్చుండు.' ఇందులో కామెంటరీకి పనికిరాని లోపాలన్నీ ఉన్నాయి. బంతి ఎంత ఎత్తు లేచిందో తెలిసిపోయింది. ఎక్కడ పడిందో తెలిసిపోయింది. ఫీల్డరు తప్పేమిటో కూడా తెలిసిపోయింది. వినేవాడు చూసేసినట్టే. మీరు దీన్ని ఇలా మార్చాలి: 'అద్భుతమైన షాట్! వాట్ ఎ షాట్! బంతి గగనతలంలో విహరిస్తూ బౌండరీ రేఖను ముద్దాడింది!' ఇప్పుడు అది ఫోరో సిక్సో దేవుడికి కూడా తెలియదు.

టీవీలో తెలుగు కామెంటరీ రావడం వల్ల మనకు మంచే జరిగింది. స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానెల్ 2018 చివర్లో మొదలైంది. 2023లో జియోసినిమా ఐపీఎల్‌ను పన్నెండు భాషల్లో ఇచ్చింది, అందులో తెలుగూ ఉంది. వేణుగోపాలరావు, ఎమ్మెస్కే ప్రసాద్ లాంటి దేశానికి ఆడినవాళ్ళు తెలుగులో ఆట చెప్పారు. టీవీ కామెంటేటరు బంతి ఎటు పోయిందో చెప్పనక్కర్లేదు, చూసేవాడికి కనిపిస్తూనే ఉంటుంది. ఆయన పంచు వేసుకోవచ్చు, సినిమా డైలాగు కొట్టుకోవచ్చు. మీరు ఆయన్ను విని, ఆ పంచునే తెచ్చి, బొమ్మ లేని రేడియోలో వెయ్యండి. వినేవాడు ఎందుకు నవ్వాలో తెలియక నవ్వుతాడు. చదువుకున్నవాడైతే నవ్వకుండా ఛానెలు మారుస్తాడు.

సరిహద్దు మండలాల పెద్దవాళ్ళను కదిలించకండి. వాళ్ళు మద్రాసు స్టేషను పెట్టుకుని తమిళ కామెంటరీ విన్నవాళ్ళు. అబ్దుల్ జబ్బార్ గొంతు ఇప్పటికీ చెవిలో ఉందనేవాళ్ళు దొరుకుతారు. వీధినాటకం దగ్గర రాత్రంతా కూర్చుని, తెల్లవారి కూడా ఏ వేషగాడు ఏ పద్యం దగ్గర తడబడ్డాడో చెప్పగల చెవులవి. వాళ్ళ ముందు మీ గగనతలాలు, ముద్దాడడాలు నిలబడవు.

కబడ్డీ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అది రేడియో కోసమే పుట్టిన ఆట. కూతకు పోయినవాడు తిరిగొచ్చేదాకా, ఎక్కువంటే ముప్పై సెకన్లు, గుక్క తిప్పకుండా కబడ్డీ కబడ్డీ అంటూనే ఉండాలి. అది అంపైరుకు వినపడాలని నిబంధన. కూత సన్నబడితే వెనక్కి వస్తున్నాడని, గట్టిపడితే తెగించాడని చీకట్లో కూర్చున్నవాడికి కూడా అర్థమవుతుంది. కోర్టు పక్కన ఒక మైకు పెట్టి మీరిద్దరూ నోరు మూసుకుంటే చాలు, ఆట దానంతట అదే ప్రసారమవుతుంది. 2022 జనవరిలో తిరుపతి ఇందిరా మైదానంలో జాతీయ స్థాయి కబడ్డీ పోటీలు పెట్టారు. అలాంటి చోట కూత శ్రోతల దాకా పోనివ్వకుండా ఆపగలిగేది మీ గొంతులు మాత్రమే. పైపైన అరవండి.

తగవు

తగవు లేనిదే జంటకు పేరు రాదు. మన ప్రాంతానికి ఈ విషయంలో దేవుడే వరమిచ్చాడు. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు పోతే పసుపుపచ్చ జెర్సీలు. కుప్పం, పలమనేరు వైపు పోతే ఎర్ర జెర్సీలు. తిరుపతి హాస్టళ్ళలో నారింజ రంగు. ఒకే ఇంట్లో అన్న చెన్నై, తమ్ముడు బెంగళూరు, వాళ్ళ నాయన మాత్రం హైదరాబాదు ఓడిందా లేదా అని పేపర్లో చూసి నిట్టూర్చే రకం. ఇలాంటి ఊళ్ళో నిజమైన వాదం పెట్టుకోవడానికి ఏ కష్టమూ లేదు. ఒకరు నిజంగా చెన్నైని ప్రేమిస్తే, ఇంకొకరు నిజంగా బెంగళూరును ప్రేమిస్తే, ఇద్దరికీ ఆట తెలిస్తే చాలు.

అందుకే మీరు ఉత్తుత్తి తగవు పెట్టుకోండి. ముందు రోజే కాగితం మీద రాసుకోండి: ఎవరు ఎప్పుడు కోప్పడాలి, ఎవరు మైకు మీద చెయ్యి కొట్టాలి. ఒక్క జాగ్రత్త తీసుకోండి. చాలా జంటలు బెంగళూరుకు కప్పు రాకపోవడం మీదే ఏళ్ళ తరబడి బతికాయి. 'ఈ సాల కప్ నమ్దే' అని ఒకడనడం, రెండోవాడు పగలబడి నవ్వడం, అరగంట గడిచిపోయేది. 2025 జూన్ 3న అహమదాబాదులో పంజాబ్ మీద 6 పరుగుల తేడాతో బెంగళూరు కప్పు కొట్టేసింది. పద్దెనిమిదో సీజనులో. ఆ రాత్రి ఎంతమంది మైకు జంటలు ఉపాధి కోల్పోయారో ఎవరూ లెక్క తియ్యలేదు. చెన్నైకి ఐదు కప్పులున్నాయన్న మాట ఇంకొన్నాళ్ళు కూడు పెడుతుంది. దాన్నీ పొదుపుగా వాడుకోండి.

నవ్వు గురించి ఒక మాట. 1991లో ఓవల్ మైదానంలో ఇయాన్ బోథమ్ వికెట్ల మీదుగా కాలు దాటించబోయి బెయిలు పడగొట్టుకున్నాడు. బీబీసీ రేడియోలో జొనాథన్ ఆగ్న్యూ దాని మీద ఒక కొంటె మాట అన్నాడు. పక్కన బ్రయాన్ జాన్‌స్టన్, పెద్దమనిషి, నవ్వు ఆపుకుంటూ స్కోరుకార్డు చదవడానికి తంటాలు పడి, చివరికి గొంతు కీచుమని ఆగిపోయాడు. దేశమంతా నవ్వింది. ఆపుకోబట్టే నవ్వొచ్చిందని కొందరు విశ్లేషకులు అంటారు. నమ్మకండి. టాస్ దగ్గర్నుంచే నవ్వండి. ఊపిరి అందకపోతే ఫోనులో నవ్వు రికార్డులుంటాయి, మీట నొక్కండి.

ఆగకపోవడం

నిశ్శబ్దం వస్తే కరెంటు పోయిందనుకుంటారు. కాబట్టి ఆగకండి. ఇందులో మనకు రాజవంశపు ఆదర్శమే ఉంది. విజయనగరం మహారాజకుమారుడు విజ్జీ 1936లో ఇంగ్లండు పోయిన భారత జట్టుకు కెప్టెన్. ఆ తర్వాత ఆయన రేడియో కామెంటేటరు అయ్యాడు. 1959లో బీబీసీ వాళ్ళు అతిథిగా పిలిచి మైకు ఇచ్చారు. ఆయన గొప్ప వేటగాడు కూడా. ఒకసారి తాను పులుల్ని ఎలా చంపాడో చెప్పుకుంటుంటే, మీరు కామెంటరీ చెబుతున్న ట్రాన్సిస్టరును అడవిలో వదిలి వచ్చుంటారు, విసుగొచ్చి అవే చచ్చుంటాయి అని వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్ అన్నాడని క్రికెట్ లోకంలో ఒక కథ. శేషాచలం అడవులు మనకు పక్కనే ఉన్నాయి, ఎఫ్ఎం ఎంత దూరం పోతుందో ముందు కనుక్కోండి. అటవీ శాఖతో పేచీ వద్దు.

నవ్వులాట కాని సందర్భం ఒకటుంది. కనుమ నాడు చంద్రగిరి దగ్గర రంగంపేట లాంటి ఊళ్ళలో పశువుల పండగ చేస్తారు. కొమ్ములకు పలకలు కడతారు, కుర్రవాళ్ళు ఎగబడి లాక్కుంటారు. పలక మీద ఏ హీరో బొమ్మ ఉంది, ఏ నాయకుడి బొమ్మ ఉంది అని చెప్పడానికి మైకులు పోటీ పడతాయి. అక్కడ మైకుకు నిజంగా ఒక పనుంది: పశువు ఎటు తిరిగిందో, ఎవరు పక్కకు జరగాలో చెప్పడం. అక్కడ మాత్రం నా చిట్కాలు దయచేసి వాడకండి.

ఎవరి గురించి మాట్లాడాలి

మన వైపు ఆటగాళ్ళ గురించి తప్ప అందరి గురించీ మాట్లాడండి. దీనికి కారణం సులువు. కోహ్లీ టెస్టులు ఎందుకు మానేశాడని మాట్లాడటానికి ఎవర్నీ ఏమీ అడగనక్కర్లేదు. అదే ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున్నే పరిగెత్తే పిల్లల గురించి చెప్పాలంటే, మీరూ పొద్దున్నే లేవాలి. అండర్-16 జిల్లా జట్టు ఎంపికలు ఎప్పుడో కనుక్కోవాలి. కోచ్‌ని అడగాలి, ఆయన మీకు నచ్చని మాట చెబుతాడు. శ్రీనివాసా స్పోర్ట్స్ కాంప్లెక్సులో షటిలు నేర్చుకునే పిల్లను బండి మీద తీసుకొచ్చే నాయనకు నెలకు ఎంత ఖర్చవుతుందో అడగాలి. ఇన్ని చేశాక కార్యక్రమం బాగుంటుంది కూడా, అప్పుడు వారం వారం అలాగే చెయ్యాల్సి వస్తుంది. మొదలే పెట్టకపోవడం మంచిది.

ముఖ్యంగా ఆడపిల్లల ఆట మీకు తెలిసినట్టు బయటపడనివ్వకండి. మన పక్కనున్న కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి, ఎడమచేతి స్పిన్నరు, 2025 నవంబర్ 2న నవీ ముంబైలో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. ఆ టోర్నమెంటులో 14 వికెట్లు తీసింది. ఇది మైకులో అన్నారా, మరుసటి నిమిషంలో ఫోను మోగుతుంది. 'అన్నా, మా పాప కూడా బౌలింగు వేస్తుంది, పుంగనూరులో నేర్పించే తావు ఉందా?' అని ఒకమ్మ అడుగుతుంది. మీకు తెలియదు. తెలుసుకుని చెబుతానంటారు. ఇక ఆ వారం మీ నిద్ర పోయినట్టే. కాబట్టి ప్రపంచకప్ అంటే 1983, 2011 అని మాత్రమే అనుకోండి.

ఫోన్లు ఎత్తడంలో కూడా ఒక పద్ధతుంది. తప్పు చెప్పేవాడు చేస్తే ఎంతసేపైనా మాట్లాడనివ్వండి, అభిమాని అంటారు అతణ్ణి. తెలిసినవాడు చేస్తే 'హలో... హలో... సిగ్నలు సరిగా లేదన్నా' అనండి. 'స్కోరెంత సామీ?' అని అడిగినవాడికి, చాలా మంచి ప్రశ్న అని చెప్పి ఒక పాట వెయ్యండి.

విడిపోవడం

ఎంత మంచి జంటైనా ఒకనాడు విడిపోవాల్సిందే. మైక్, మ్యాడ్ డాగ్ కూడా పంతొమ్మిదేళ్ళకు విడిపోయారు. గౌరవంగా విడిపోయే పద్ధతులు చాలా ఉన్నాయి గానీ అవి శ్రోతలకు గుర్తుండవు. ఫైనలు మ్యాచిలో ఆఖరి ఓవరు పెట్టుకోండి. బ్యాటింగు జట్టుకు ఎన్ని కావాలో మీరొకటి చెప్పండి, జతగాడు ఇంకొకటి చెప్పాలి. స్కోరు పుస్తకం తెప్పించమని ఎవరైనా అంటే అది అవమానంగా తీసుకుని ఇద్దరూ మైకులు కింద పెట్టి చెరో వైపు నడవండి. గ్రౌండులో ఆట మీరు లేకుండానే సాగుతుంది. అది చూసి మనసు కష్టపెట్టుకోవద్దు.

చివరిగా ఒక విన్నపం. వచ్చే సంక్రాంతి టోర్నమెంటుకు నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. జతగాడు కావాలి. అమ్మాయిలూ రావచ్చు. తమిళం వస్తే మంచిది, కన్నడం కూడా వస్తే మరీ మంచిది. సొంత మోటారు సైకిలు ఉండాలి. ఎందుకంటే పోయినేడు నాతో కూర్చున్నతను మధ్యలో లేచిపోయాడు, బండి అతనిది. స్కోరు చెప్పే అలవాటు ఉన్నవాళ్ళు దరఖాస్తు చెయ్యనక్కర్లేదు.